పిల్లల కష్టాన్ని కథ చేసేటప్పుడు: డెబొరా ఎల్లిస్ పుస్తకాల్లో ఏది నిలబడింది, ఏది నిలబడలేదు

కాబూల్ బజారులో నేల మీద ఒక దుప్పటి పరుచుకుని, చదువురాని వాళ్ళకి ఉత్తరాలు చదివిపెట్టి డబ్బులు తీసుకుంటుంది పర్వానా. వయసు పదకొండేళ్ళు. జుట్టు కత్తిరించేసి, చనిపోయిన అన్న బట్టలు తొడిగి, కసీమ్ అనే పేరు పెట్టి ఇంట్లోవాళ్ళే ఆమెను మగపిల్లాడిగా బయటికి పంపారు. తాలిబన్ల కాబూల్లో మగతోడు లేకుండా ఆడవాళ్ళు గడప దాటడానికి లేదు, నాన్నని పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు, ఇంట్లో చూస్తే తినడానికి ఏమీ మిగల్లేదు. అలా కూర్చున్న పర్వానా దగ్గరికి ఒక తాలిబ్ సైనికుడు ఉత్తరం పట్టుకుని వస్తాడు. చనిపోయిన తన భార్య సామాన్లలో దొరికిన పాత ఉత్తరం అది. అందులో ఏముందో తెలుసుకోవాలని అతని ఆశ. పర్వానా చదువుతుంది, అతను కన్నీళ్ళు పెట్టుకుంటాడు, డబ్బులిచ్చి వెళ్ళిపోతాడు. నాన్నని కొట్టి ఈడ్చుకెళ్ళింది ఇలాంటి మనుషులే. వీళ్ళకీ ఏడుపొస్తుందా అని ఆ పిల్లకి అర్థం కాదు. రచయిత్రి కూడా అక్కడ ఆగి పాఠం చెప్పదు.

కెనడా రచయిత్రి డెబొరా ఎల్లిస్ 2000లో రాసిన 'ది బ్రెడ్‌విన్నర్' నవలలోది ఈ సంఘటన. పుస్తకం పేరుకి మన మాటల్లో ఇల్లు గడిపే మనిషి అని అర్థం చెప్పుకోవచ్చు. దాని తర్వాత వరసగా ఇంకో నాలుగు పర్వానా పుస్తకాలు వచ్చాయి, ఆఖరిది 2022లో. మొదటి నవలని 2017లో ఐర్లండ్‌కి చెందిన కార్టూన్ సెలూన్ సంస్థ యానిమేషన్ సినిమాగా తీసింది, దానికి నోరా ట్వోమీ దర్శకురాలు, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఎల్లిస్ ఒక్క అఫ్గానిస్తాన్ గురించే రాయలేదు. బొలీవియా జైళ్ళలో తల్లిదండ్రులతో పాటు ఉండే పిల్లలు, మలావీలో ఎయిడ్స్‌కి అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు, మన ఝరియా బొగ్గు ఊళ్ళో కుష్ఠు వచ్చిన అమ్మాయి, ఇజ్రాయెల్లో పాలస్తీనాలో యుద్ధం మధ్య పెరుగుతున్న పిల్లలు, ఇరాక్ శరణార్థి పిల్లలు, ఇలా పేద దేశాల్లోనూ యుద్ధాల మధ్యా గడిచే బాల్యం గురించే ఆమె ఇరవై ఏళ్ళకి పైగా రాస్తూ వచ్చింది. చదివేది మాత్రం ఎక్కువగా కెనడా, అమెరికా, బ్రిటన్ బడిపిల్లలు. కథలోని పిల్లలు ఒకచోట, చదివే పిల్లలు ఇంకోచోట. ఇలాంటి రచన మీద వచ్చే మెప్పులకీ గొడవలకీ చాలావరకు మూలం అక్కడే ఉంది.

ఈ పుస్తకాల్ని పొగిడేవాళ్ళు ఎక్కువగా జాలి గురించి, సానుభూతి గురించి మాట్లాడతారు. వీటిల్లో మంచివి నిలబడింది జాలి వల్ల అనుకుంటే పొరపాటే. ఎల్లిస్ బాగా రాసిన చోటల్లా ఆ పిల్లలు ఏం పని చేస్తున్నారు, ఎంత వస్తోంది, దాంతో ఏం కొంటున్నారు, రేపటికి ఏం దాచుకుంటున్నారు అనే లెక్క కనిపిస్తూ ఉంటుంది. కథ నడిచేది ఆ లెక్క మీదే. అది తప్పిపోయి పిల్లని ఎవరో పెద్దవాళ్ళు వచ్చి లేవనెత్తే చోట పుస్తకం చప్పబడిపోతుంది.

పర్వానా కథలోనే చూడండి. మొదట ఉత్తరాలు చదవడం, చేతిలో ఉన్న సామాన్లు అమ్మడం. తర్వాత బజారులోనే తన క్లాస్‌మేట్ షౌజియా కనిపిస్తుంది, ఆమె కూడా మగపిల్లాడి వేషంలోనే టీలు అందిస్తూ తిరుగుతుంటుంది. ఇంకాస్త ఎక్కువ డబ్బులొచ్చే పని ఉందని ఇద్దరూ కలిసి శ్మశానానికి వెళ్ళి ఎముకలు తవ్వుతారు. యుద్ధంలో బాంబులు పడి చెదిరిపోయిన సమాధులవి. తవ్విన ఎముకలు తూకానికి కొనే బ్రోకర్ ఒకడుంటాడు. 1990ల కాబూల్లో ఇది నిజంగా జరిగిన వ్యాపారమే. ఎవరి ఎముకలు తవ్వుతున్నామో ఆ పిల్లలకి బాగా తెలుసు, భయమూ వేస్తుంది, అయినా తూకం దగ్గర మాత్రం లెక్క తప్పనివ్వరు. ఆ డబ్బుతో చెరొక ట్రే కొనుక్కుని సిగరెట్లు, చూయింగ్ గమ్ పెట్టుకుని తిరిగి అమ్మాలని వాళ్ళ ప్లాన్. పదకొండేళ్ళ వయసుకి పెట్టుబడి అంటే ఏమిటో వాళ్ళకి అలా తెలిసొస్తుంది. చదివే పిల్లలకి ఇక్కడ అయ్యో అనుకునే తీరిక దొరకదు, ఎందుకంటే వాళ్ళు కూడా షౌజియాతో పాటు లెక్క వేస్తూ ఉంటారు. ఇది మామూలు నేర్పు కాదు, పిల్లల పుస్తకాల్లో చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఈ నేర్పు ఆమెకి ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే కొంత జవాబు ఆమె జీవితంలోనే ఉంది. 1960లో ఒంటారియో రాష్ట్రంలోని కొక్రేన్‌లో పుట్టిన ఎల్లిస్ టొరంటోలో చాలా ఏళ్ళు మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌గా పనిచేసింది, యుద్ధ వ్యతిరేక ఉద్యమాల్లో తిరిగింది. 1996 సెప్టెంబర్లో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకున్న తర్వాత పాకిస్తాన్లోని అఫ్గాన్ శరణార్థి శిబిరాలకి వెళ్ళి ఆడవాళ్ళ అనుభవాలు సేకరించింది. ముందు అనుకున్నది పెద్దల కోసం ఒక పుస్తకం, అది కూడా 2000లోనే వచ్చింది. ఆ శిబిరాల్లో ఒక తల్లి, తన కూతురు ఇంకా కాబూల్లోనే ఉందని, జుట్టు కత్తిరించుకుని మగపిల్లాడిలా తిరుగుతూ ఇంటిని పోషిస్తోందని చెప్పింది. పర్వానా పుట్టింది ఆ మాటలోంచి. కొడుకులు లేని ఇళ్ళలో ఆడపిల్లని మగపిల్లాడిగా పెంచే అలవాటు అఫ్గాన్ సమాజంలో తాలిబన్ల కంటే ముందు నుంచీ ఉంది, దాన్ని బచా పోష్ అంటారు. కాబట్టి నవలలోని వేషం రచయిత్రి అల్లిన చమత్కారం కాదు, అక్కడి వాళ్ళకి తెలిసిన దారే.

బొలీవియా పుస్తకం ఇంకా మంచి ఉదాహరణ, దాని గురించి జనం తక్కువ మాట్లాడతారు. 2006లో వచ్చిన 'ఐ యామ్ ఎ టాక్సీ'లో డియేగోకి పన్నెండేళ్ళు. కొచబాంబా నగరంలోని సాన్ సెబాస్టియన్ ఆడవాళ్ళ జైల్లో అమ్మతో, చెల్లితో ఉంటాడు, నాన్న ఉండేది మగవాళ్ళ జైల్లో. తల్లిదండ్రులిద్దరూ కోకా పండించే రైతులు, మత్తుమందుల మీద ప్రభుత్వం చేసే యుద్ధంలో ఇరుక్కుని లోపలికి వెళ్ళారు. చూసుకునే దిక్కు లేక అమ్మానాన్నలతో పాటు జైల్లో పెరిగే పిల్లలు బొలీవియాలో నిజంగానే ఉన్నారు. డియేగో ఖైదీ కాదు గనక బయటికి వెళ్ళి రావచ్చు, బడికి వెళ్తాడు, అమ్మ అల్లిన ఉన్ని బట్టలు బజారులో అమ్మి వస్తాడు, మిగతా టైమంతా జైల్లో ఉన్న ఆడవాళ్ళకి బయటి పనులు చేసిపెడతాడు. ఎవరికి ఏం కావాలన్నా కొనుక్కొచ్చి ఇచ్చి చిల్లర తీసుకోవడమే అతని టాక్సీ పని. ఆ జైల్లో ఏదీ ఊరికే రాదు, తిండితో సహా అన్నిటికీ డబ్బు కావాలి. ఒకరోజు అతను చూసుకోవాల్సిన చెల్లి తప్పిపోతుంది, అమ్మకి పెద్ద జరిమానా పడుతుంది, ఇంట్లో అప్పు మొదలవుతుంది. ఆ అప్పు తీర్చే ఆత్రంలోనే స్నేహితుడు మాండో చెప్పిన మాట నమ్మి అడవిలోకి పోతాడు, అక్కడ కొకైన్ తయారుచేసే గుంటల్లో రసాయనాలు కలిపిన కోకా ఆకుల్ని కాళ్ళతో తొక్కే పనిలో చిక్కుకుంటాడు.

ఈ వరసలో దుర్మార్గుడు అని వేలు పెట్టి చూపించడానికి ఒక మనిషి ఉండడు. జరిమానా, దాని వెనక అప్పు, అప్పు వెనక తొందర. పిల్లలు ప్రమాదకరమైన పనుల్లోకి వెళ్ళే దారి చాలాచోట్ల ఇదే, దీన్ని పన్నెండేళ్ళ పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పగలగడం ఈ పుస్తకం చేసిన పెద్ద పని. కోకా ఆకు ఆండీస్ కొండల జనానికి ఆకలిని, కొండ ఎత్తుల్లో వచ్చే తలనొప్పిని తగ్గించే పాతకాలపు మందని, అదే ఆకు నుంచి రసాయనాలతో కొకైన్ తీస్తారని, ఈ రెంటికీ తేడా చూడని చట్టం రైతుల్ని ఎలా నలిపేసిందో కూడా కథలోనే తెలుస్తుంది. మరుసటి ఏడు వచ్చిన రెండో భాగంలో కోకా రైతుల పోరాటం మధ్యలోకి డియేగో చేరతాడు.

2004లో వచ్చిన మలావీ నవల 'ది హెవెన్ షాప్' కొంత తక్కువగా నిలబడుతుంది. అందులో బింటి అనే అమ్మాయి బ్లాంటైర్ నగరంలో రేడియో నాటకంలో నటిస్తుంటుంది, నాన్నది శవపేటికలు చేసే దుకాణం. ఎయిడ్స్ కాలంలో శవపేటికల గిరాకీ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, అది చాలా బలమైన మొదలు. నాన్న కూడా అదే జబ్బుతో పోయాక చుట్టాలు వచ్చి సామాన్లు పంచుకుని, పిల్లల్ని తలా ఒక ఇంటికి తోలడం, అక్కడ వాళ్ళని అంటరాని వాళ్ళలా చూడడం మనసుని పట్టేస్తాయి. ఆ తర్వాత జబ్బు గురించి తెలియాల్సిన విషయాలన్నీ పుస్తకంలో పట్టించాలన్న ఆత్రం రచయిత్రిలో కనిపిస్తుంది. పాత్రలు కొన్నిచోట్ల ఆరోగ్య శాఖ కరపత్రంలా మాట్లాడతాయి.

ఇక మన దేశం పుస్తకం. 2011లో వచ్చిన 'నో ఆర్డినరీ డే'లో వల్లి ఝార్ఖండ్‌లోని ఝరియాలో బొగ్గు ఏరుకుని బతికే పిల్ల. భూమి కింద బొగ్గు నూరేళ్ళకి పైగా తగలబడుతున్న ఊరు అది, 1916 నుంచీ ఆ మంటలు ఆరలేదు. తను ఉంటున్న ఇంటివాళ్ళు తనకి నిజానికి ఏమీ కారని తెలిశాక వల్లి బొగ్గు లారీలో దాక్కుని కలకత్తా చేరుతుంది, వీధుల్లో బతుకుతుంది. ఆమె పాదాలకి స్పర్శ లేదు, వేడి తగిలినా దెబ్బ తగిలినా నొప్పి తెలియదు. ఆ పిల్ల దాన్ని తన గొప్పగా, ఒక శక్తిగా అనుకుంటుంది, చదువుతున్న పెద్దవాళ్ళకి మాత్రం అది కుష్ఠు అని ముందే అర్థమై గుండె జారుతుంది. ఈ ఒక్క ఊహ చాలు, ఎల్లిస్‌కి పిల్లల మనసు ఎంత తెలుసో చెప్పడానికి. వల్లి చిన్నప్పుడు రైలు పట్టాల అవతల ఉండే కుష్ఠు రోగుల్ని రాక్షసులనుకుని రాళ్ళు వేసిన పిల్లే. తనకీ అదే జబ్బు అని తెలియగానే ఆసుపత్రి నుంచి పారిపోవడం కూడా చాలా నిజంగా ఉంది.

కానీ తెలుగు పాఠకుడు ఈ పుస్తకంలో ఆ పిల్ల పేరు దగ్గరే తట్టుకుని ఆగిపోతాడు. వల్లి అనేది తమిళనాడులో, మన వైపు దక్షిణాన వినిపించే పేరు. ఝరియాలో ఖోర్ఠా, హిందీ, బెంగాలీ మాట్లాడే బొగ్గు కూలీల ఇంట ఆ పేరు ఎలా వచ్చిందో పుస్తకం చెప్పదు. బయటి దేశం పాఠకుడికి ఇది కనిపించదు, ఇండియా పేరు ఏదైనా ఇండియా పేరే. కులం ఊసు కూడా దాదాపు లేదు, బొగ్గు ఏరే కుటుంబాల గురించి రాస్తూ కులాన్ని పక్కన పెడితే ఎవరి బతుకు ఎందుకలా ఉందో సగమే తెలుస్తుంది. పైగా వల్లిని వీధిలోంచి ఆసుపత్రికి తీసుకెళ్ళి బతుకు మార్చేది ఒక మంచి డాక్టరమ్మ. కుష్ఠుకి 1982 నుంచీ బహుళ ఔషధ చికిత్స ఉంది, ఉచితంగా ఇస్తారు, ఆరు నెలల నుంచి ఏడాదిలో నయమవుతుంది. కాబట్టి డాక్టర్ కథలో ఉండడం తప్పేమీ కాదు. మన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి కూడా నూరేళ్ళ కిందట బయటి నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ల పట్టుదల, స్థానిక దాతల భూమి, డబ్బు కలిస్తేనే లేచింది. ఇబ్బంది ఏమిటంటే, పర్వానా, డియేగోల్లా వల్లి కథని తన నిర్ణయాలతో నడపదు. ఆమె చాలావరకు ఒకరి దయ నుంచి ఇంకొకరి దయలోకి వెళ్తుంది. దేశం జాతీయ స్థాయిలో కుష్ఠు నిర్మూలన (అంటే పదివేల మందికి ఒక రోగి కన్నా తక్కువ) సాధించామని 2005 చివర్లో ప్రకటించుకున్నా, ఇప్పటికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దగ్గరివే. మందు ఉండి కూడా జనం ఎందుకు దాచుకుంటున్నారు, ఎందుకు ఆలస్యంగా వస్తున్నారు అన్న ప్రశ్నలోకి ఇంకాస్త లోతుగా వెళ్ళే అవకాశం ఈ కథలో ఉంది, వెళ్ళలేదు.

అఫ్గాన్ పుస్తకాల మీద వచ్చిన విమర్శ ఇంకో రకం, దాన్ని తోసిపారేయడానికి లేదు. మొదటి నవల 2000లో వచ్చినప్పుడు కాబూల్ గురించి పశ్చిమ దేశాల్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా అఫ్గానిస్తాన్ మీద యుద్ధానికి దిగగానే ఈ పుస్తకాలు బడుల్లో విపరీతంగా చదివించారు. ఓజ్లెమ్ సెన్సోయ్, ఎలిజబెత్ మార్షల్ అనే ఇద్దరు విద్యారంగ పరిశోధకులు పర్వానా పుస్తకాలతో సహా ఆ కాలంలో వచ్చిన ఇలాంటి నవలల్ని పరిశీలించి, ముస్లిం ఆడపిల్ల అంటే ఎవరో వచ్చి కాపాడాల్సిన పిల్ల అనే బొమ్మ బడిపిల్లల మనసుల్లో నాటుకుపోతోందని రాశారు. పుస్తకం ఏం చెప్పిందో, దాన్ని ఏ సమయంలో ఏ క్లాసులో ఎవరు చదివించారో, రెండూ కలిస్తేనే అర్థం తయారవుతుంది కదా. ఎల్లిస్ మాత్రం తాలిబన్లకి ముందు సోవియట్ సేనలు, అమెరికా ఆయుధాలు అందుకున్న ముఠాలు ఆ దేశాన్ని ఏం చేశాయో పుస్తకంలో రాసింది. పర్వానా నాన్న కాలు పోయింది తాలిబన్ల వల్ల కాదు, అంతకుముందు ఆయన పాఠం చెప్పే బడి మీద బాంబు పడడం వల్ల. ఆ సంగతి టీచర్ దాటవేసి కేవలం బురఖాల గురించి చర్చ పెడితే విమర్శకులు చెప్పిందే నిజమవుతుంది.

ఈ వాదన చేసేవాళ్ళలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి, బయటివాళ్ళు అసలు రాయనే కూడదంటారు. అంత దూరం పోనక్కర్లేదు. బయటి నుంచి వచ్చిన మనిషి ఎంతసేపు విన్నది, ఎవరి మాట విన్నది అన్నది చూస్తే చాలు, పుస్తకాల మధ్య తేడా దానికదే తెలుస్తుంది. శిబిరాల్లో అఫ్గాన్ ఆడవాళ్ళ మాటల్ని ఒక పుస్తకానికి సరిపడా విన్న తర్వాతే పర్వానా వచ్చింది. ఎల్లిస్ కథలు కానివి, పిల్లల ఇంటర్వ్యూల పుస్తకాలు కూడా చాలా తెచ్చింది, వాటిల్లో ఆమె తప్పుకుని పిల్లల్నే మాట్లాడనిస్తుంది. ముందు ఆ పిల్ల ఎవరో, ఎన్నేళ్ళో, ఎక్కడ ఉంటుందో, అక్కడి గొడవ నేపథ్యం ఏమిటో కొన్ని వాక్యాలు. ఆ తర్వాత పిల్ల మాటలే. పిల్లలు చెప్పేది ఎప్పుడూ మనకి కావాల్సినట్టు ఉండదు. కోపం, పగ, గొప్పలు, తెలిసీ తెలియని రాజకీయం, మధ్యలో ఫుట్‌బాల్, స్నేహితులు, అన్నీ కలిసి వస్తాయి. కాబూల్ పిల్లల మాటలతో 2012లో వచ్చిన పుస్తకం, ఇరాక్ శరణార్థి పిల్లలతో 2009లో వచ్చిన పుస్తకం చదివితే ఆమె నవలల్లో కన్నా ఎక్కువ గొంతులు, ఎక్కువ గరుకుదనం దొరుకుతాయి.

వాటిల్లో ఒకటి పెద్ద గొడవే తెచ్చింది. ఇజ్రాయెల్, పాలస్తీనా పిల్లలు మాట్లాడిన 'త్రీ విషెస్' 2004లో వచ్చింది, మాట్లాడిన పిల్లల వయసు ఎనిమిది నుంచి పద్దెనిమిది. 2006లో ఒంటారియోలో బడిపిల్లలు చదివి ఓటేసే అవార్డు జాబితాలో ఆ పుస్తకం ఉంటే, కెనడియన్ జ్యూయిష్ కాంగ్రెస్ అనే యూదుల సంఘం అభ్యంతరం చెప్పింది, చిన్న పిల్లలకి ఇది తగదని. టొరంటో సహా కొన్ని స్కూల్ బోర్డులు చిన్న తరగతుల పిల్లలకి అందకుండా పెట్టాయి. రచయితల సంఘాలు, లైబ్రరీ వాళ్ళు ఎదురు తిరిగారు. అభ్యంతరం పెట్టిన వాళ్ళ భయం మొత్తం బూటకం అని కొట్టేయలేం, ఆత్మాహుతి దాడుల గురించి ఒక పిల్ల మెచ్చుకోలుగా మాట్లాడితే చదివే పిల్లకి పక్కన పెద్దవాళ్ళ తోడు అవసరమే. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల అనుభవించిన దాన్ని వేరే దేశంలో తొమ్మిదేళ్ళ పిల్ల చదవకూడదంటే, ఏ పిల్లల బాల్యాన్ని కాపాడుతున్నట్టు? తోడుండి చదివించడం బోర్డులు చేయగలిగిన పనే, బీరువా తాళం వేయడం దానికంటే సులువని అటు వెళ్ళారు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పేదపిల్లల కథలు రాసి పేరు, డబ్బు సంపాదిస్తున్నారనే మాట ఇలాంటి రచయితలందరి మీదా వస్తుంది. ఎల్లిస్ అఫ్గాన్ పుస్తకాల రాయల్టీని అఫ్గాన్ మహిళల చదువు కోసం పనిచేసే కెనడా సంస్థకి, వీధి పిల్లల కోసం పనిచేసే సంస్థకి ఇచ్చేసింది, ఆమె ఇలా ఇచ్చిన మొత్తం పది లక్షల డాలర్లు దాటింది. అంత ఇవ్వడం నిజంగా గొప్ప సంగతి, మెచ్చుకుని తీరాలి. అయితే రాయల్టీ దానం చేసినంత మాత్రాన వల్లి కథలో లోపం తగ్గదు, దానం చేయకపోయినా డియేగో కథ బలం పోదు. రెంటినీ విడిగా చూడాలి.

ఇప్పుడు మన దగ్గరికి వస్తే, ఇలాంటి పుస్తకాలకి కావాల్సిన ముడిసరుకు కోసం ఎవరూ కెనడా నుంచి రానక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించే 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం 2002 నుంచీ ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియాల్లో 12,000 మంది పిల్లల బతుకుల్ని ఏళ్ళ తరబడి వెంట ఉండి నమోదు చేస్తూ వచ్చింది. ఇండియాలో ఎంచుకున్న 3,000 మంది అచ్చంగా తెలుగు పిల్లలు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాద్ నుంచి తీసుకున్నారు. 2,000 మంది 2001-02లో పుట్టినవాళ్ళు, 1,000 మంది 1994-95లో పుట్టినవాళ్ళు. అంటే పెద్దవాళ్ళకి ఇప్పుడు ముప్ఫై దాటింది, చాలామందికి పిల్లలు కూడా ఉండి ఉంటారు. లెక్కలతో పాటు కొంతమంది పిల్లలతో మళ్ళీ మళ్ళీ కూర్చుని, పేర్లు మార్చి, వాళ్ళ మాటల్ని రాసి పెట్టారు. మన పల్లెల బాల్యం ఇంత ఓపిగ్గా ఇంకెక్కడా రికార్డు అయినట్టు లేదు, అదేమో చాలావరకు ఇంగ్లిష్ రిపోర్టుల్లో ఉండిపోయింది.

ఆ రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే పని సీడ్ పత్తి పని. మహబూబ్‌నగర్, కర్నూలు వైపు, ముఖ్యంగా గద్వాల ప్రాంతంలో ఇది తెలియని ఇల్లుండదు. హైబ్రిడ్ పత్తి విత్తనం కావాలంటే ప్రతి పువ్వునీ చేత్తో క్రాసింగ్ చేయాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గని ఈరోజు సాయంత్రం గోటితో చీల్చి పుప్పొడి ఉండే భాగాన్ని తీసేయాలి, మర్నాడు పొద్దున్నే వేరే రకం మొక్క పూలు తెచ్చి దాని మీద రుద్దాలి. మొగ్గ ఒక్కరోజు ఆలస్యమైతే పోయినట్టే, అందుకని సీజన్లో ఆదివారం లేదు, పండగ లేదు. పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి, వాళ్ళ ఎత్తు మొక్కకి సరిపోతుంది, కూలి తక్కువ, పైగా విత్తన కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే సీడ్ ఆర్గనైజర్ ముందే అడ్వాన్స్ ఇచ్చి ఉంటాడు. ఆడపిల్లల్ని నెలల పాటు బడి మాన్పించేది ఇదే. నెలసరితో మైలపడిన పిల్ల పత్తి చేలోకి పోతే పంట పాడవుతుందనే నమ్మకం కూడా ఉంది, ఆ రోజుల్లో ఇంట్లో కూర్చోబెడతారు, కూలి పోతుంది. అప్పు, అడ్వాన్స్, కూలి, మానేసిన బడి, అన్నీ ఉన్నాయి ఇందులో. డియేగో కథకి కావాల్సినవన్నీ గద్వాల చేలల్లో దొరుకుతాయి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, ఎల్లిస్ పుస్తకాలు దాన్ని పూర్తిగా తేల్చలేదు. ఆమె పిల్లలు తమ సంపాదన చూసుకుని గర్వపడతారు. మన పిల్లలు కూడా అంతే, సొంత కూలి డబ్బుతో నోటుబుక్కులు కొనుక్కున్నామని, అమ్మకి ఇచ్చామని చెప్పుకుంటారు. కానీ ఇదే తెలుగు నేల మీద రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచీ శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు పని మాన్పించి, వెనకబడిన చదువుని అందుకునేలా చేసే బ్రిడ్జ్ క్యాంపుల ద్వారా పిల్లల్ని బడిలో చేర్చే పని మొదలుపెట్టి, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని ఖరాఖండిగా చెప్పారు. ఇంటి పనికి, కూలి పనికి మధ్య గీత గీస్తే ఆడపిల్లే నష్టపోతుందన్నది వాళ్ళ అనుభవం. 2016లో చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు బడి అయ్యాక కుటుంబ పనుల్లో సాయం చేయొచ్చని వెసులుబాటు ఇచ్చినప్పుడు వచ్చిన అభ్యంతరం కూడా ఇదే. కథ రాసేవాళ్ళకి ఈ రెండూ కావాలి. పిల్ల గర్వాన్ని చిన్నబుచ్చకూడదు, ఆ గర్వాన్ని చూపించి పనిని అందంగానూ చేయకూడదు. పర్వానా శ్మశానం సీనులో ఎల్లిస్ ఈ రెంటినీ పట్టుకోగలిగింది, అన్నిచోట్లా పట్టుకోలేదు.

తెలుగులో లోపలి నుంచి రాసినవాళ్ళు లేక కాదు. నామిని చిత్తూరు జిల్లా పల్లె బాల్యాన్ని, ఖదీర్‌బాబు కావలి ముస్లిం పేటల బాల్యాన్ని ఎంత కళ్ళకి కట్టించారో పాఠకులందరికీ తెలుసు, కాకపోతే అవి ముందుగా పెద్దవాళ్ళ కోసం వచ్చినవి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో దళిత, ముస్లిం, పేద పిల్లల బతుకుల మీద పిల్లల కోసమే బొమ్మల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల, ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ లాంటి వాళ్ళు రాశారు. శ్యామల రాసిన బాలమణి చీకటితో లేచి పొలానికి నీళ్ళు పెట్టే పిల్ల, ఊరి దొరకి ఎదురు నిలుస్తుంది. అక్కడ డాక్టరమ్మ రాదు, దయగల టీచరూ రాడు. పేరు దగ్గర తప్పు పడదు, కులం దాక్కోదు. ఎల్లిస్ చాలా శ్రమపడి చేరిన చోటుకి శ్యామల మొదటి వాక్యంలోనే చేరుతుంది. అలాంటి పుస్తకాలు ఆ తర్వాత పదుల్లో రావాల్సింది, రాలేదు. బడి లైబ్రరీల బీరువాల్లో ఇప్పటికీ నీతికథలు, రాజుల కథలే ఎక్కువ.

ఎల్లిస్ దగ్గర నుంచి తెలుగువాళ్ళు తీసుకోవాల్సింది ఏదైనా ఉంటే అది ఆమె నవలల పద్ధతి కన్నా ఇంటర్వ్యూల పద్ధతి. గద్వాలలో సీడ్ పత్తి చేలో పనిచేసే పిల్లలతో, హైదరాబాద్ చుట్టూ ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలతో, గల్ఫ్‌కి పోయిన నాన్న కోసం కరీంనగర్ పల్లెల్లో ఫోన్ పట్టుకుని కూర్చునే పిల్లలతో తీరిగ్గా మాట్లాడి, పేర్లు మార్చి, వాళ్ళ యాసలోనే అచ్చు వేసిన ఒక పుస్తకం ముందు రావాలి. దాన్ని మొదట చదివి, ఇది తప్పు రాశారు అని దిద్దాల్సింది కూడా ఆ పిల్లలే. నవల రాసేవాళ్ళు దాని తర్వాత మొదలుపెట్టినా ఆలస్యం ఏమీ కాదు, అప్పటికి ఏ పిల్లకి రోజుకి ఎంత కూలి, అడ్వాన్స్ ఎంత మిగిలింది, ఏ నెలలో బడి మానేసింది అన్నీ వాళ్ళ ముందు ఉంటాయి.